రాసుకోవడం నేర్చుకున్న 14 నెలలు

ప్రతి రాత్రీ రెండు గంటల ప్రాంతంలో నాకు మెలకువ వచ్చేది. కళ్లు తెరవకముందే ఒక సమావేశ గది కనిపించేది, అందులో మా పై అధికారి గొంతు వినిపించేది, ఆ గొంతుకు ఆనాడు నేను ఇవ్వని జవాబులన్నీ ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టి వచ్చేవి. ఆ జవాబులకు ఆయన ఏమనేవారో, దానికి నేను మళ్లీ ఏమనేదాన్నో ఊహించుకుంటూ ఉండగానే కిటికీ తెల్లబడేది. ఇలా ఏడు వారాలు గడిచాయి. పగలు పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని గానీ, చేతిలో పని ఆగిన మరుక్షణం మనసు ఆ గదిలోకే వెళ్లి కూర్చునేది.

చూసేవారికి జరిగినది పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. మా విభాగం నుంచి బయటకు వెళ్లిన ఒక నివేదికలో రెండు అంకెలు తారుమారయ్యాయి. అవతలివారు దాన్ని పట్టుకున్నారు. మరునాటి సమావేశంలో మా అధికారి ఆ తప్పును, ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఒక యువకుడి మీద మోపి, పదిమంది ముందు చాలా కటువుగా మాట్లాడారు. ఆ యువకుడు తల వంచుకుని కూర్చున్నాడు. నేను అతని పక్కనే ఉన్నాను. ఆ తరువాత ఈ సంఘటనను ఎవరికి చెప్పినా 'మా అధికారి చేసిన అన్యాయం' అనే చెప్పేదాన్ని. నాకు నేను చెప్పుకునేటప్పుడు కూడా దానికి అదే పేరు.

నిద్రలేమి గురించి వైద్యురాలిని కలిసినప్పుడు ఆమె వెంటనే మందులు రాయలేదు. రెండు వారాల పాటు నిద్ర డైరీ నింపి తీసుకురమ్మని ఒక కాగితం ఇచ్చారు. ఎన్ని గంటలకు పడుకున్నాను, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఉదయం ఎప్పుడు లేచాను అన్న గడులు అందులో ఉన్నాయి. చివరి గడి పేరు 'గమనిక'. వేలెడంత వెడల్పున్న ఆ గడిలో మొదటి రోజు 'ఆఫీసు విషయం' అని రాశాను. నాలుగో రోజుకు అక్షరాలు పక్క గడిలోకి పాకాయి. ఆరో రోజు కాగితం వెనక్కి తిప్పి, వెనుక వైపు సగం నింపాను. మరునాడు ఒక నోటుపుస్తకం తీసుకున్నాను. ఆలోచనలను రాసుకుంటే మనసు తేలికపడుతుందని అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను కానీ, నేను రాయడానికి కారణం ఆ సలహా కాదు. గడి చాలలేదు, అంతే.

ఆ తరువాతి ఐదు వారాలు నేను రాసిన పద్ధతి పూర్తిగా తప్పు పద్ధతి అని ఇప్పుడు చెప్పగలను. పడక మీదే, దీపం ఆర్పే ముందు, ఎంత సేపన్న హద్దు లేకుండా రాసేదాన్ని. ఎవరో ఒక న్యాయమూర్తి నా ఎదుట కూర్చుని చదువుతున్నట్టుగా, ప్రతి వాక్యాన్నీ అర్జీలోని వాక్యంలా చెక్కేదాన్ని. అధికారి అన్న మాటలను పూసగుచ్చినట్టు రాసి, అవి ఎంత అన్యాయమో నిరూపించి, చివరికి మరింత వేడెక్కిన మనసుతో పుస్తకం మూసేదాన్ని. నిద్ర మెరుగుపడలేదు. కొన్ని రాత్రులు రెండుకు బదులు ఒంటిగంటకే మెలకువ వచ్చింది.

మానేద్దామనుకుని, మానే ముందు ఒకసారి మొదటి నుంచి చదివాను. ఆ చదవడమే నాకు మేలు చేసింది. 35 రోజుల రాతలో 'అందరి ముందూ అలా అనవచ్చా' అనే వాక్యం, ఒకటి రెండు మాటల తేడాతో, 23 సార్లు ఉంది. లెక్కపెట్టాక చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మనకు చర్వితచర్వణం అని ఒక మాట ఉంది కదా, నమిలినదాన్నే మళ్లీ నమలడం అని. ఆ మాటను అంతకుముందు విసుగు పుట్టించే ఉపన్యాసాల గురించి మాత్రమే వాడేదాన్ని. నా తలలో రాత్రి రెండు గంటలకు జరుగుతున్నది అదేనని, నోటుపుస్తకంలోకి వచ్చినా ఆ నమలడం ఆగలేదని, పళ్లకు బదులు పెన్ను నములుతోందని అప్పుడు అర్థమైంది. ఆవు నెమరు వేస్తే మేత జీర్ణమవుతుంది. నా నెమరులో జీర్ణమయ్యేది ఏదీ లేదు.

రాయడం వల్ల నిజంగా మేలు జరుగుతుందా, జరిగితే ఏ రకమైన రాత వల్ల జరుగుతుంది అని వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఈ విషయం మీద తరచుగా ప్రస్తావించే పరిశోధన 1986లో వచ్చింది. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. కొందరిని ఏదో ఒక మామూలు విషయం గురించి రాయమన్నారు. మిగిలినవారిని తమ జీవితంలోని బాధాకరమైన అనుభవం గురించి రాయమని, వారిలో కొందరిని జరిగిన సంగతులు మాత్రమే, మరికొందరిని కలిగిన భావాలు మాత్రమే, ఇంకొందరిని ఈ రెండింటినీ కలిపి రాయమన్నారు. సంగతులనూ భావాలనూ కలిపి రాసినవారు ఆ తరువాతి నెలలలో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వారికి హాయి కలగలేదు. మామూలు విషయాలు రాసినవారి కంటే వారి మనసు ఆ కాసేపు మరింత బరువెక్కింది.

నన్ను ఆకట్టుకున్నది ఆ చివరి సంగతి. రాయగానే తేలికపడాలని, పడకపోతే అది పనిచేయనట్టేనని నేను అనుకున్నాను. మరొక విషయం అంతకంటే లోతుగా తాకింది. పెన్నెబేకర్ తరువాతి కాలంలో ఇలాంటి రాతల్లోని మాటలను లెక్కించి చూసినప్పుడు, మొదటి రోజు నుంచి చివరి రోజుకు కారణాన్ని చెప్పే మాటలు, గ్రహింపును చెప్పే మాటలు, అంటే 'ఎందుకంటే', 'అందువల్ల', 'ఇప్పుడు తెలిసింది' వంటివి, ఎవరి రాతల్లో పెరిగాయో వారికే ఎక్కువ మేలు కనిపించింది. వెంటనే నా 35 రోజుల పుస్తకం తీసి 'ఎందుకంటే' కోసం వెతికాను. రెండే చోట్ల ఉంది. రెండు చోట్లా అది మా అధికారి స్వభావానికి నేను కల్పించిన కారణమే. నా గురించి ఒక్క 'ఎందుకంటే' కూడా లేదు.

ఈ పద్ధతి సర్వరోగ నివారిణి కాదన్న మాటను కూడా ఈ రంగంలోని పరిశోధకులే దాచకుండా చెప్పడం నాకు నమ్మకాన్ని పెంచింది. 2006లో జోఆన్ ఫ్రాటరోలి అనే పరిశోధకురాలు 146 అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు సగటున తేలిన ప్రయోజనం ఉన్న మాట నిజమే గానీ, అది చిన్నది. దాంపత్యం నుంచి కొత్తగా విడిపోయినవారి మీద జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమ బాధను ఎడతెగకుండా తవ్వుకునే స్వభావం ఉన్నవారికి ఇలా భావాలను రాయడం వల్ల కోలుకోవడం ఆలస్యమైంది కూడా. నేను ఆ స్వభావం గల మనిషినే. కాబట్టి రాయాలా వద్దా అనే ప్రశ్న నాకు పోయి, తవ్వకుండా రాయడం ఎలా అనే ప్రశ్న మిగిలింది.

ఒక శుక్రవారం నుంచి నాలుగు రోజులు పెట్టుకున్నాను. పడక మీద కాకుండా బల్ల దగ్గర, రాత్రి కాకుండా సాయంత్రం ఆరున్నరకు, అలారం పెట్టుకుని 15 నిమిషాలు మాత్రమే. రాసినది ఎవరూ చూడరు, అవసరమైతే చింపేస్తాను అని మొదటి వరుసలోనే రాసుకున్నాను. ఆ వాక్యం రాశాక వచ్చిన స్వేచ్ఛను ఇంతకుముందెన్నడూ ఎరగను. ఐదు వారాలుగా ఎదుట కూర్చుని చదువుతున్న ఆ న్యాయమూర్తి లేచి వెళ్లిపోయాడు. దానితోపాటు భాష మారింది. అంతవరకు పుస్తకాల భాషలో రాసినదాన్ని, ఆ రోజు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి జారాను. కొట్టివేతలు లేవు, వాక్యాలు సగంలో ఆగాయి, ఒక చోట 'ఛీ' అని మాత్రమే ఉంది.

మొదటి రోజు జరిగినది జరిగినట్టు రాశాను. చెప్పుకోదగ్గదేమీ లేదు.

రెండో రోజు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భావాలు రాద్దామని కూర్చుంటే 'బాధగా ఉంది' అన్న దగ్గరే పెన్ను ఆగిపోయింది. ముందు పేజీలు తిరగేస్తే అక్కడ కూడా అంతా బాధే. ఇన్ని వారాలుగా నేను ఒకే మాటను అన్నింటికీ అతికించుకుంటూ వచ్చాను. అప్పుడు ఆ మాటను వాడకూడదని నియమం పెట్టుకుని, దాని చోటులో ఏ మాట సరిపోతుందో వెతికాను. కోపమా? కోపం ఉంది, కానీ కోపమైతే ఒక వారానికి చల్లారేది. అవమానమా? అధికారి నన్ను ఏమీ అనలేదు. ఉక్రోషం అని రాసి చూశాను. చేతకానప్పుడు వచ్చే కోపం అది. చేతకానితనం ఎవరిది అనే ప్రశ్న దాని వెనుకే వచ్చింది. దిగులు రాశాను, కొట్టేశాను. గుబులు అని రాసినప్పుడు మాత్రం కడుపులో ఏదో కదిలింది. గుబులు జరిగిపోయిన దాని గురించి కలగదు, జరగబోయే దాని గురించి కలుగుతుంది. ఏడు వారాల కిందట ముగిసిన సమావేశం గురించి నాకు ఇంకా గుబులు ఎందుకు? ఆ ప్రశ్న రాసేసరికి అలారం మోగింది.

భావానికి సరైన పేరు పెట్టడమే దాని ఉధృతిని కొంత తగ్గిస్తుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం సూచించింది. ముఖాల చిత్రాలు చూపించి, వాటిలోని భావానికి పేరు చెప్పమన్నప్పుడు, భయం వంటి తీవ్రమైన భావాలకు స్పందించే మెదడు భాగమైన అమిగ్డలాలో చురుకుదనం తగ్గింది. ఈ విషయం నేను తరువాత చదివాను. చదివినప్పుడు ఆ సాయంత్రమే గుర్తుకు వచ్చింది. ఉక్రోషం, అక్కసు, కినుక, బెంగ, గుబులు, నొచ్చుకోవడం, చిన్నబోవడం అంటూ మన భాషలో ఇన్ని మాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటూనే వేరువేరుగా ఎందుకు నిలిచాయో, వాటిని ఒక్కొక్కటిగా నా మీద సరిచూసుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. అన్నింటినీ 'బాధ', 'టెన్షన్' అనే రెండు మాటల్లోకి కుదించుకోవడం వల్ల మనం పోగొట్టుకున్నది పదసంపద ఒక్కటే కాదని నా గట్టి అభిప్రాయం.

మూడో రోజు 'నేను' అనే మాట వాడకుండా, నన్ను మరొక వ్యక్తిగా భావించి 'ఆమె' అని రాశాను. తన గురించి తాను ఆలోచించేటప్పుడు 'నేను' అనడానికి బదులు తన పేరునో, 'ఆమె', 'అతను' అనే మాటలనో వాడేవారు ఒత్తిడిని కొంత నిబ్బరంగా ఎదుర్కొంటారని ఈథన్ క్రాస్, అతని సహచరులు 2014లో చూపించారు. నాకు మొదట అది కృత్రిమంగా తోచింది. 'ఆమె సమావేశ గదిలో కుడి వైపు వరుసలో కూర్చుంది' అని మొదలుపెట్టాను. 'అధికారి ఆ యువకుడిని తిడుతున్నప్పుడు ఆమె బల్ల మీది నీళ్ల సీసా మూతను బిగిస్తోంది, విప్పుతోంది' అని రాశాను. ఆ సీసా మూత సంగతి 35 రోజుల రాతలో ఎక్కడా లేదు. అధికారి ముఖాన్నే చూస్తూ వచ్చిన దాన్ని, మొదటిసారిగా నా చేతులను చూశాను.

నాలుగో రోజు రెండో వాక్యంలోనే అది బయటపడింది. 'నివేదికలోని ఆ అంకెల పట్టిక ముందురోజు మధ్యాహ్నం నా దగ్గరకే వచ్చింది. సరిచూడకుండానే సరిచూశానని సంతకం పెట్టాను, ఎందుకంటే ఆ రోజు తొందరగా వెళ్లాలనుకున్నాను.' నా గురించి నేను రాసుకున్న మొదటి 'ఎందుకంటే' అది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. సమావేశం జరుగుతున్నంతసేపూ తెలుసు. కానీ అధికారి కటుత్వం నిజంగానే కటువుగా ఉండడం వల్ల, దాని నీడలో నా సంతకం దాక్కోగలిగింది. ఆయన అన్యాయాన్ని ఎంత గట్టిగా తలచుకుంటే నా మౌనం అంత చిన్నదిగా కనిపించేది, అందుకే మనసు ప్రతి రాత్రీ ఆ పని చేసింది. రెండో రోజు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఆ సంతకం ఎప్పుడైనా బయటపడుతుందేమోనన్నదే ఆ గుబులు.

అలారం మోగినా ఆపకుండా రాశాను. నియమం తప్పిన రోజు అదొక్కటే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు రోజుల తరువాత ఆ యువకుడిని పక్కకు పిలిచి, "ఆ పట్టికను నేను సరిచూడకుండా పంపాను, సమావేశంలో ఆ మాట చెప్పకుండా ఊరుకున్నాను, నన్ను క్షమించండి" అన్నాను. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు తెలుసు మేడమ్, కాగితం మీద మీ సంతకం చూశాను" అన్నాడు. అదే రోజు అధికారికి కూడా చెప్పాను. ఆయన విన్నారు, తలూపారు, ఆ యువకుడితో ఏమైనా మాట్లాడారో లేదో నాకు తెలియదు. ఆయన ఆ రోజు అలా మాట్లాడడం తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను, ఆ మాట కూడా ఆయనకు చెప్పాను. సమావేశ గది ఆ వారం నుంచే రాత్రుల్లో కనిపించడం తగ్గింది. పూర్తిగా మాయం కావడానికి మరో రెండు నెలలు పట్టింది.

ఆ చోటు ఖాళీ అయ్యాక అక్కడికి చిన్న చిన్న విషయాలు చేరాయి. కట్టవలసిన బిల్లు, చేయవలసిన ఫోను, పంపుతానని పంపని కాగితం. వీటికి లోతుగా రాయడం అక్కరలేదు, రాస్తే సమయం వృథా. ముగిసిన పనుల కంటే మధ్యలో ఆగిన పనులు ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జీగార్నిక్ 1927లోనే రాశారు. తరువాతి ప్రయోగాలన్నింటిలో ఆ ఫలితం అలాగే రాకపోయినా, రాత్రి పడక మీద అది నిజమనిపించని మనిషి ఉంటారనుకోను. 2011లో మాసికాంపో, బామైస్టర్ చేసిన ప్రయోగాల్లో, పని పూర్తి చేయకపోయినా దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్దిష్టంగా నిర్ణయించుకుంటే ఆ పని తాలూకు ఆలోచన మధ్యలో వచ్చి అడ్డుపడడం ఆగిపోయింది. నిద్ర విషయంలో మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో ప్రచురించినది మరింత సూటిగా ఉంది. ప్రయోగశాలలో పడుకోబోయే 57 మంది యువతీయువకుల్లో కొందరి చేత రానున్న రోజుల్లో చేయవలసిన పనులనూ, మిగిలినవారి చేత చేసేసిన పనులనూ ఐదు నిమిషాల పాటు రాయించగా, చేయవలసినవి రాసినవారికి సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది.

అందుకే రాత్రి రాతను ఐదు నిమిషాలకు కుదించాను. అందులో భావాలకు చోటు లేదు. 'బీమా విషయం చూడాలి' అని రాస్తే అది రాత్రంతా చూస్తూనే ఉంటుంది. 'రేపు పదకొండింటికి బీమా కార్యాలయానికి ఫోను చేసి గడువు తేదీ అడగాలి' అని రాస్తే మనసు దాన్ని వదిలేస్తుంది. మరచిపోతానేమోనన్న భయంతో పట్టుకుని కూర్చున్నదాన్ని నమ్మకమైన చోట దింపితే అది మళ్లీ ఎత్తుకోదు, కాకపోతే ఆ చోటు నమ్మదగినదై ఉండాలి. ఉదయం ఆ పేజీని నిజంగా తెరిచి చూడని వారం, ఈ పద్ధతి పనిచేయడం మానేసింది. దానిని నేను రెండుసార్లు గమనించాను.

లోతైన రాతను రోజూ చేయను. ఏదైనా ఒక విషయం మూడు రోజులు వదలకుండా తిరుగుతోందంటే అప్పుడు నాలుగు సాయంత్రాలు కేటాయిస్తాను, సంగతులూ భావాలూ రెండూ రాస్తాను, తరువాత ఆ విషయాన్ని మూసేస్తాను. ఈ 14 నెలల్లో అలాంటి విడతలు ఆరు వచ్చాయి. ఫోనులో రాసి చూశాను. వేలు ఆలోచన కంటే వేగంగా కదలడం వల్ల, పైగా మధ్యలో వచ్చే సందేశాల వల్ల, నాకు అది కుదరలేదు. చేతిరాతలో నెమ్మది ఉంది, ఆ నెమ్మదిలో మాటను ఎంచుకునే అవకాశం ఉంది. టైపు చేస్తేనే బాగా రాయగలిగేవారు ఉంటారు, వారిని మార్చాలని నాకు లేదు. రాసినవాటిలో రెండు విడతలను చింపేశాను, వాటిలో ఇతరుల రహస్యాలు ఉన్నాయి. మిగిలినవి ఉంచాను.

తొమ్మిదో నెలలో మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అలవాటు ప్రకారం పుస్తకం తెరిచాను. రెండు వరుసలు రాసేసరికి చేయి వణికింది, ఊపిరి ఆడనట్టనిపించింది. భరించలేననిపిస్తే వెంటనే ఆపేయమని, వేరే విషయానికి మారమని పెన్నెబేకర్ తన సూచనల్లో చెప్పారు. పుస్తకం మూసి అక్క పక్కన వెళ్లి కూర్చున్నాను. ఆ 19 రోజులూ రాత్రి పూట పనుల పట్టిక తప్ప మరేమీ రాయలేదు. ఆయన ఇంటికి వచ్చిన నెల తరువాత రాయగలిగాను. మానని గాయాన్ని గిల్లకూడదు. అది మానడం మొదలైందో లేదో కాగితం చెప్పదు, ఒళ్లు చెబుతుంది. ఆ రోజుల్లో నాకు నిద్ర మళ్లీ పూర్తిగా చెదిరినప్పుడు నోటుపుస్తకాన్ని నమ్ముకుని కూర్చోలేదు, వైద్యురాలి దగ్గరకు వెళ్లాను.

గత నెలలో ఆమె మరో రెండు వారాల నిద్ర డైరీ నింపమన్నారు. అదే కాగితం, అవే గడులు. 'గమనిక' గడి 14 రోజుల్లో 12 రోజులు ఖాళీగా ఉంది. ఒక చోట 'రెండున్నరకు మెలకువ, బయట వాన, మళ్లీ పట్టింది' అని ఉంది. మరొక చోట నాన్నగారి పరీక్షల గురించి మొదలుపెట్టిన వాక్యం గడి అంచుకు వచ్చి ఆగిపోయింది. దాని పక్కన చిన్న బాణం గుర్తు వేసి, 'సాయంత్రం ఆరున్నరకు' అని రాసుకున్నాను.